నీటి దారి, విద్యుత్ దారి: పాత చేపల పడవ మరమ్మతు

(ప్రసంగ పాఠం)



భారతదేశపు సముద్రతీరం తొమ్మిది రాష్ట్రాలనూ, నాలుగు కేంద్రపాలిత ప్రాంతాలనూ ఒక్క గీతగా కలుపుతున్నది. పశ్చిమాన వేరావల్, మంగళూరు, కొచ్చి. తూర్పున కాశిమేడు, కాకినాడ, విశాఖపట్నం, పారాదీప్. ఈ చేపల రేవులలో దేనికి వెళ్లి చూచినను కొత్త పడవల సరసనే ఏళ్ల తరబడి ఉప్పునీటిలో నానిన పాత కొయ్య పడవలు కనిపిస్తాయి. వాటిలో అనేకం 32 అడుగులు, 36 అడుగులు పొడవు గలవి. ఒక్కొక్క పడవపై ఆధారపడిన కుటుంబాలు అయిదారుకు తక్కువ ఉండవు. కొత్త పడవ కొనే స్తోమత అందరికీ లేదు గనుక పాత పడవను పదికాలాలు నిలుపుకొనుటయే వారికి మార్గం. ఆ పని బాగా జరిగితే జీవనం సాగుతుంది. అశ్రద్ధగా జరిగితే నష్టపోయేది పడవ ఒక్కటే కాదు.

మన దేశంలో మరపడవల చరిత్ర స్వాతంత్ర్యం వచ్చిన తరువాత విస్తరించినదే. 1952లో భారతదేశం, నార్వే, ఐక్యరాజ్య సమితి కలిసి ఒక ఒప్పందం చేసుకొన్నవి. దాని ఫలితంగా 1953 నుండి కేరళలోని నీందకర ప్రాంతంలో యంత్రపు పడవలతో చేపల వేటను అభివృద్ధి చేసే పని మొదలైనది. 1957లో కొచ్చిలో కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ ఏర్పడినది. పడవల నమూనాలు, వలలు, కొయ్యను తొలిచే ఓడపురుగు నుండి రక్షణ మొదలైన విషయాలపై అది పరిశోధనలు జరిపినది. పడవ నడిపేవారికీ, యంత్రం చూచేవారికీ శిక్షణ ఇచ్చే కేంద్ర సంస్థ 1963లో కొచ్చిలోనే ప్రారంభమైనది. తరువాత మద్రాసులోను, విశాఖపట్నంలోను దానికి శాఖలు ఏర్పడినవి.

అయితే ఇక్కడ గమనించవలసిన విషయం ఒకటి ఉన్నది. పడవలోనికి యంత్రం ఒక పథకం ప్రకారం వచ్చినది. విద్యుత్తు అట్లు రాలేదు. మొదట ఒక దీపం వచ్చినది. తరువాత నీటిని తోడే పంపు, ఆ పైన రేడియో, లోతును కొలిచే యంత్రం, దారి చూపే జి.పి.ఎస్. ఒకదాని వెనుక ఒకటి వచ్చి చేరినవి. వచ్చిన ప్రతి పరికరానికీ ఎవరో ఒకరు ఒక తీగను ఎక్కడో ఒకచోట కలిపి వెళ్లినారు. ఇరవై ఏళ్లు గడిచేసరికి చుక్కాని గదిలోని తీగలు చిక్కుపడిన వలను తలపిస్తాయి. నీటి దారుల సంగతీ అంతే. పడవ కట్టిన వడ్రంగి నీరు పోవుటకు విడిచిన రంధ్రాలు తరువాతి మార్పుల క్రింద మూసుకొనిపోయి ఉంటాయి.

ఈ రెంటినీ సరిచూచుకొనుటకు ప్రభుత్వ నియమమే ఒక అదను కల్పిస్తున్నది. చేపలు గుడ్లు పెట్టే కాలంలో మరపడవల వేటపై నిషేధం అమలులో ఉంటుంది. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు, పశ్చిమ తీరంలో జూన్ 1 నుండి జూలై 31 వరకు, మొత్తం 61 రోజులు పడవలు ఒడ్డుకు చేరుతాయి. రంగు వేయుట, వలలు అల్లుట ఆ రోజులలోనే జరుగుతాయి. తీగలనూ నీటి దారులనూ పరీక్షించుటకు కూడ అదే తగిన సమయం.

రెండు జబ్బులు, ఒకటే మూలం

నీరు చేరుట ఒక సమస్య, తీగలు చెడుట మరొక సమస్య అని సాధారణంగా భావిస్తారు. పాత పడవలో ఆ రెంటినీ విడదీయుట కష్టం. ఈ క్రమాన్ని గమనించండి. షాఫ్టు బయటకు వెళ్లే చోట నీరు కొద్దికొద్దిగా కారుతున్నది. అడుగున నీరు చేరినప్పుడెల్లా ఫ్లోటు స్విచ్చి లేచి పంపు నడిచి తోడివేస్తున్నది. అందుచేత కారుతున్న సంగతి ఎవరి దృష్టికీ రాలేదు. పండుగ వచ్చి పడవ నాలుగు రోజులు రేవులోనే ఉన్నది. యంత్రం నడవనందున బ్యాటరీకి ఛార్జింగు లేదు. పంపు మాత్రం మాటిమాటికీ నడుస్తూ బ్యాటరీని పీల్చివేసినది. అయిదవ రోజున పంపు ఆగినది, నీరు ఆగలేదు. పడవ కట్టిన తాళ్లకే వ్రేలాడుతూ రేవులోనే మునిగినది.

ఇందులో తప్పు పంపుదా, బ్యాటరీదా, షాఫ్టుదా? ఏ ఒక్కదానిదీ కాదు. నీరు వస్తున్న కారణాన్ని వెదకకుండ, వచ్చిన నీటిని తోడుట మాత్రమే పరిష్కారమని అనుకొనుటలో తప్పు ఉన్నది. జ్వరానికి మందు వేసి పుండును మరచినట్లు ఇది. అందువలన మరమ్మతుకు మొదటి సూత్రం ఇట్లుండవలెను: ముందు నీటి మూలం, తరువాత నీటి దారి, తరువాత పంపు, ఆ పిమ్మట పంపును నడిపే తీగ.

దిగే ముందు తీసుకోవలసిన జాగ్రత్త

పని మొదలుపెట్టే ముందు మూడు ప్రమాదాలను తప్పక తెలుసుకొని ఉండవలెను.

మొదటిది వంటగ్యాసు. అది గాలికంటె బరువైనది. లీకైన గ్యాసు పైకి పోక పడవ అడుగున చేరి నిలుస్తుంది. అటువంటి చోట ఒక స్విచ్చి వేసినప్పుడు పుట్టే చిన్న నిప్పురవ్వ చాలు. కాబట్టి మూతలు తెరచి, గాలి ఆడనిచ్చి, వాసన చూచిన తరువాతనే ఏ స్విచ్చినైనా ముట్టుకొనవలెను.

రెండవది చేపలు నిలువ చేసే గది. అక్కడ కుళ్లిన చేపల వ్యర్థం నుండి హైడ్రోజన్ సల్ఫైడ్ అనే విషవాయువు పుడుతుంది. అది మొదట కుళ్లిన గ్రుడ్ల వాసన వేస్తుంది. మోతాదు పెరిగినప్పుడు ముక్కు ఆ వాసనను పట్టే శక్తినే కోల్పోతుంది. వాసన పోయినదని ధైర్యంగా దిగినవాడు క్షణాలలో స్పృహ తప్పగలడు. అతనిని కాపాడుటకు దిగినవాడికీ అదే గతి పట్టవచ్చును. చాలాకాలం మూసి ఉన్న గదిని తెరచి, బాగా గాలి ఆడించి, పైన ఒకరు కాపలా ఉండగా నడుముకు తాడు కట్టుకొని దిగవలెను. ఈ నియమానికి మినహాయింపు లేదు.

మూడవది బ్యాటరీ. ఛార్జింగు జరిగేటప్పుడు దాని నుండి హైడ్రోజన్ వాయువు వెలువడుతుంది. బ్యాటరీ పెట్టెకు పైభాగాన గాలి పోయే దారి ఉండవలెను. తీగలు విప్పేటప్పుడు ముందు నెగెటివ్ తీగను, బిగించేటప్పుడు చివరకు నెగెటివ్ తీగను ముట్టుకొనుట మంచి పద్ధతి.

నీరు ఎక్కడి నుండి వస్తున్నది?

నీటి మూలాన్ని కనుగొనుటకు ఖరీదైన పరికరం అవసరం లేదు. పడవ అడుగును పూర్తిగా తోడి, కడిగి, గుడ్డతో తుడిచి ఆరబెట్టవలెను. తరువాత పలకల అతుకుల వెంట, షాఫ్టు దగ్గర, నీటి గొట్టాల మొదట్లో పాత వార్తాపత్రికల కాగితపు పట్టీలను పరచవలెను. సుద్దపొడి చల్లినను సరిపోతుంది. పడవ నీటిపై ఉండగా, యంత్రం నడపకుండ ఒక గంటసేపు చూడవలెను. ముందుగా తడిసిన కాగితమే మూలాన్ని చూపుతుంది. అది ఆరి ఉన్నచో యంత్రం నడిపి మరల చూడవలెను. యంత్రం నడిచినప్పుడు మాత్రమే తడి కనిపించినట్లయితే లోపం షాఫ్టులోగాని, యంత్రాన్ని చల్లార్చే సముద్రపు నీటి గొట్టాలలోగాని ఉన్నదన్నమాట. రెండు సందర్భాలలోను పొడిగానే ఉండి, వాన కురిసిన తరువాత మాత్రం తడిసినట్లయితే పైతట్టు పలకల సందులను అనుమానించవలెను.

ఈ చివరి తేడా ముఖ్యమైనది. ఉప్పునీరు కొయ్యకు అంత శత్రువు కాదు. కొయ్యను కుళ్లబెట్టే శిలీంధ్రం ఉప్పునీటిలో నానిన కొయ్యలో సులభంగా పెరగలేదు. వాననీరూ, కరిగిన మంచునీరూ ఇంకిన కొయ్యలో పెరుగుతుంది. అందుచేత అడుగు పలకలకంటె పైతట్టు క్రింది దూలాలూ, చేపల గది గోడలూ ముందుగా కుళ్లుట అనేక పాత పడవలలో చూడవచ్చును. సన్నని మేకుతో గుచ్చినప్పుడు సులభంగా దిగిపోయిన కొయ్యను పైపూతతో కప్పుట వలన ప్రయోజనం లేదు. దానిని కోసి కొత్తది అతకవలెను.

షాఫ్టు బయటకు పోయే చోట గ్లాండు ఉంటుంది. అందులో గ్రీజు పట్టించిన నార తాడు చుట్టి, రెండు వైపుల నట్లతో బిగించి ఉంచుతారు. షాఫ్టు తిరిగేటప్పుడు నిమిషానికి కొన్ని చుక్కలు పడుట లోపం కాదు. ఆ చుక్కలే దానిని చల్లగా ఉంచుతాయి. ధారగా కారినచో నట్లను రెండు వైపులా సమానంగా, కొద్దికొద్దిగా బిగించవలెను. చేయి ఆనించలేనంత వేడి పుట్టినట్లయితే బిగువు ఎక్కువైనదని అర్థం. ఎంత బిగించినను కారుట ఆగనప్పుడు తాడు అరిగిపోయినదని గ్రహించి, పడవను ఒడ్డుకు లాగినప్పుడు పాత చుట్లన్నీ తీసి కొత్తవి వేయవలెను. పాత చుట్ల మీదనే ఒక కొత్త చుట్టు కలిపి సరిపుచ్చుట కొద్దిరోజుల ముచ్చటే.

చిన్న రంధ్రాన్ని తేలికగా తీసుకొనరాదని లెక్క చెబుతున్నది. నీటి మట్టానికి అర మీటరు క్రింద ఒక అంగుళం వ్యాసం గల గొట్టం ఊడినదని అనుకొందాం. ఆ దారిన నిమిషానికి సుమారు 55 లీటర్లు, అనగా గంటకు 3,300 లీటర్ల నీరు లోనికి వస్తుంది. గంటకు 2,000 లీటర్లు తోడునని పెట్టెపై వ్రాసి ఉన్న పంపు దానికి చాలదు. పైగా ఆ లెక్క ఎత్తులేని చోట, పూర్తి వోల్టేజితో కొలిచినది. నీటిని మీటరున్నర పైకి ఎత్తి, సన్నని గొట్టంలో త్రోయవలసి వచ్చినప్పుడు అది ఎంతో తగ్గుతుంది. కాబట్టి నీటి మట్టానికి దిగువన ఉన్న ప్రతి గొట్టానికీ రెండేసి క్లిప్పులు, ప్రతి కవాటానికీ చేతికందే తిప్పుడు కడ్డీ, దాని ప్రక్కనే కట్టి ఉంచిన మెత్తని కొయ్య బిరడా ఉండవలెను.

నీరు పోయే దారులు

కొయ్య పడవ అడుగున వెన్నుదూలానికి అడ్డంగా పక్కటెముకల వంటి దూలాలు వరుసగా ఉంటాయి. ఏ రెండింటి మధ్య చేరిన నీరైనా పంపు ఉన్న లోతట్టుకు చేరుటకు వాటి క్రింద చిన్న రంధ్రాలు విడుస్తారు. చేప పొలుసులు, రొయ్య పెంకులు, వల నూలు, నూనె మడ్డి కలిసి వాటిని మూసివేస్తాయి. అప్పుడు పంపు ఉన్నచోట అడుగు పొడిగా కనిపిస్తుంది. ముందుభాగాన మాత్రం జానెడు నీరు నిలిచి ఉంటుంది. పడవ ముక్కు బరువెక్కి, అలను ఎక్కుటకు బదులు అందులోనికి దూసుకొనిపోతుంది. ఈ రంధ్రాలన్నిటి గుండా సన్నని గొలుసునొకదానిని శాశ్వతంగా దూర్చి ఉంచి, వారానికొకసారి అటూ ఇటూ లాగుట పూర్వపు నావికుల ఉపాయం. దానికి మించిన పద్ధతి ఇప్పటికీ లేదు.

చేపల గది నీటిని యంత్రం గది అడుగులోనికి వదలరాదు. కరిగిన మంచుతో కలిసి వచ్చే జిగురూ రక్తమూ డీజిలుతో, నూనెతో కలిసినప్పుడు పంపును మూసివేసే మడ్డి తయారవుతుంది. అక్కడి తీగలు త్వరగా పాడవుతాయి. చేపల గదికి ప్రత్యేకంగా ఒక గుంట, జల్లెడ మూత, వేరొక చేతిపంపు ఉండుట మేలు.

పైతట్టుపైకి వచ్చిన అలనీరు వెంటనే సముద్రంలోనికి పోవుటకు ప్రక్కగోడలలో రంధ్రాలు ఉంటాయి. చేపలు జారిపోకుండ వాటికి చెక్కలు బిగించుట కొన్ని పడవలలో కనిపించే అలవాటు. దాని ఫలితం ఎట్టిదో లెక్క వేసి చూడవచ్చును. 5 మీటర్ల పొడవు, 4 మీటర్ల వెడల్పు గల పైతట్టుపై 10 సెంటీమీటర్ల నీరు నిలిచినచో దాని బరువు రెండు టన్నులకు పైన ఉంటుంది. ఆ రెండు టన్నులు ఒక్కచోట స్థిరంగా ఉండవు. పడవ ఏ ప్రక్కకు ఒరిగినచో ఆ ప్రక్కకే పరుగెత్తుతాయి. బోల్తా పడుటకు అది చాలును. చేపలను ఆపవలెనంటే కడ్డీల జాలీ బిగించవలెను. చెక్క మాత్రం కూడదు.

తోడిన నీరే తిరిగి వచ్చుట మరొక వింత. పంపు గొట్టం చివర నీటి మట్టానికి దగ్గరగా ఉన్నచో, నిండు బరువుతో పడవ కుంగినప్పుడుగాని ఒరిగినప్పుడుగాని అది మునిగిపోతుంది. పంపు ఆగిన తరువాత అదే గొట్టం గుండా సముద్రం లోనికి పారుతుంది. గొట్టాన్ని పైతట్టు అడుగు వరకు ఎత్తి, అక్కడ వంపు తిప్పి, ఆ వంపు పైభాగాన గాలి పీల్చుకొనే చిన్న కవాటం పెట్టి బయటకు వదలుట దీనికి విరుగుడు.

తీగల పరీక్ష

ఇక విద్యుత్ దారి. ఇందులో ఊహలతో పని జరుగదు, కొలత కావలెను. ఒక మల్టీమీటరు, ఒక పరీక్షా దీపం ఉన్నచో చాలు.

మొదట బ్యాటరీ. కొన్ని గంటలు విశ్రాంతిగా ఉన్న 12 వోల్టుల బ్యాటరీ 12.6 లేక 12.7 వోల్టులు చూపినట్లయితే నిండుగా ఉన్నదని అర్థం. 12.2 చూపినచో సగం ఖాళీ అయినది. యంత్రం నడుస్తున్నప్పుడు 13.8 నుండి 14.4 వరకు పెరగవలెను. పెరగనట్లయితే బ్యాటరీని మార్చుటకు ముందు ఆల్టర్నేటరును, దాని బెల్టును, తీగను చూడవలెను. ఈ ఒక్క కొలత తీసుకొనక మంచి బ్యాటరీలను పారవేసి కొత్తవి కొన్న సందర్భాలు ఎన్నో ఉంటాయి.

తరువాత దీపం. మసకగా వెలుగుతున్న దిక్కు దీపాన్ని ఉదాహరణగా తీసుకొందాం. బ్యాటరీ వద్ద 12.6 వోల్టులు ఉన్నవి. వెలుగుతున్న దీపం వద్ద కొలిచినచో 10.8 మాత్రమే వచ్చినవి. తక్కిన 1.8 వోల్టులు దారిలో ఎక్కడనో పోతున్నవి. దీపం వెలుగుతుండగానే మీటరు ఒక మొనను బ్యాటరీ పాజిటివ్ పైన, మరొక మొనను దీపం పాజిటివ్ పైన ఆనించవలెను. 0.2 వోల్టులు చూపినట్లయితే ఆ వైపు బాగున్నది. నెగెటివ్ వైపున అట్లే చూచినచో 1.6 వచ్చినవి. దొంగ అటు ఉన్నాడని తేలినది. ఇక ఆ దారిని సగానికి విభజించి, ఏ సగంలో నష్టం ఉన్నదో చూచి, దానిని మరల సగం చేయుచు పోయినట్లయితే నాలుగైదు కొలతలలో చెడిన అతుకు దొరుకుతుంది. తీగలన్నిటినీ పీకవలసిన అవసరం లేదు.

ఇది చిన్న విషయం కాదు. పాతరకపు తీగదీపంలో వోల్టేజి ఏడవ వంతు తగ్గినచో వెలుగు సుమారు నూటికి నలభై పాళ్లు తగ్గిపోతుంది. 12 మీటర్లకంటె చిన్న నౌక ప్రక్క దీపాలు కనీసం ఒక సముద్ర మైలు దూరం కనిపించవలెనని 1972 నాటి అంతర్జాతీయ నియమావళి నిర్దేశిస్తున్నది. ఎడమ వైపు ఎరుపు, కుడి వైపు ఆకుపచ్చ; వలను లాగుతున్న ట్రాలరుకు పైన ఆకుపచ్చ, దాని క్రింద తెలుపు; ఇతర వేటలో పైన ఎరుపు, క్రింద తెలుపు. పెద్ద ఓడ నడిపే అధికారి ఈ దీపాలను చూచియే ప్రక్కకు తప్పుకొంటాడు. మసక దీపం గల పడవ అతని కంటికి లేనట్లే.

చెడిన అతుకును విప్పి చూచినప్పుడు తరచుగా కనిపించేది ఆకుపచ్చని చిలుము. తేమ రాగి పోగుల వెంట పైపొర లోపల చాలా దూరం ప్రాకుతుంది. చివరను కొద్దిగా గీకి మరల కలుపుట వలన లాభం లేదు. మెరిసే రాగి కనిపించే వరకు కోసివేయవలెను. కొత్త తీగ వేసేటప్పుడు ప్రతి పోగుకూ కళాయి పూసిన రాగి తీగనే ఎన్నుకొనవలెను. ఇంటి గోడలలో వేసే ఏకతీగ పడవకు తగదు. యంత్రపు అదురుకు అది విరిగిపోతుంది. తీగలను మెలివేసి టేపు చుట్టుట అతుకు అనిపించుకొనదు. లగ్గు వేసి గట్టిగా నొక్కి, లోపల జిగురు గల వేడితో ముడుచుకొనే గొట్టాన్ని తొడగవలెను. ప్రతి అతుకూ అడుగు నీటికి పైన, చేతికి అందే చోట ఉండవలెను.

తీగ లావు ఎంత ఉండవలెనో కూడ లెక్క ఉన్నది. 5 ఆంపియర్లు తీసుకొనే పంపు బ్యాటరీకి 8 మీటర్ల దూరంలో ఉన్నదనుకొందాం. పోవుట, వచ్చుట కలిపి తీగ పొడవు 16 మీటర్లు. 2.5 చదరపు మిల్లీమీటర్ల తీగలో సుమారు 0.56 వోల్టులు నష్టమవుతాయి. 4 చదరపు మిల్లీమీటర్ల తీగ వేసినచో నష్టం 0.35కు, అనగా నూటికి మూడు పాళ్లకు తగ్గుతుంది. ప్రాణాధారమైన పంపుకు, దీపాలకు, రేడియోకు ఈ హద్దును దాటనీయరాదు.

ఫ్యూజును గురించి ఒక అపోహ ఉన్నది. అది పరికరాన్ని కాపాడుటకే అని అనుకొంటారు. నిజానికి అది ముఖ్యంగా తీగను కాపాడుతుంది. బ్యాటరీ నుండి బయలుదేరే ప్రతి పాజిటివ్ తీగకూ జానెడు దూరం లోపలనే ఫ్యూజు ఉండవలెను. ఫ్యూజు పోయినప్పుడు దాని స్థానంలో రాగి పోగు చుట్టినవాడు పడవలో నిప్పును దాచినవాడే అవుతాడు. 2023 నవంబరు 19 రాత్రి విశాఖపట్నం చేపల రేవులో జరిగిన అగ్నిప్రమాదంలో ముప్పైకి పైగా పడవలు దెబ్బతిన్నవి. ఆ మంటకు కారణం వేరు. అయినను, డీజిలు నింపుకొని, ఒకదానికొకటి ఆనుకొని కట్టిన పడవల మధ్య ఒక్క మంట ఎంత వేగంగా ప్రాకగలదో దేశమంతా చూచినది.

పంపు ఫ్లోటు స్విచ్చికి మాత్రం ప్రధాన స్విచ్చితో సంబంధం ఉండరాదు. మనిషి ఇంటికి వెళ్లినప్పుడు కూడ అది పనిచేయవలెను గనుక తన ఫ్యూజుతో నేరుగా బ్యాటరీకి కలిపి ఉండవలెను. దానితోపాటు పంపు నడిచినప్పుడు వెలిగే ఒక దీపం చుక్కాని గదిలో ఉన్నచో, నీరు మామూలుకంటె ఎక్కువగా వస్తున్న సంగతి సరంగుకు వెంటనే తెలుస్తుంది.

కంటికి కనిపించని కారుట

నీరు కారినట్లే విద్యుత్తు కూడ కారుతుంది. స్విచ్చిలన్నీ ఆర్పి, ఫ్లోటు స్విచ్చి ఫ్యూజును తీసి, బ్యాటరీ పాజిటివ్ తీగను విప్పి, ఆ తీగకూ బ్యాటరీకీ మధ్య 12 వోల్టుల పరీక్షా దీపాన్ని పెట్టవలెను. దీపం కొద్దిగానైనా వెలిగినట్లయితే ఎక్కడో విద్యుత్తు పోతున్నది. దీపం వెలుగకపోయినను మీటరుతో మిల్లీ ఆంపియర్లలో చూచుట మంచిది. తరువాత ఫ్యూజులను ఒక్కొక్కటిగా తీయుచు పోవలెను. ఏ ఫ్యూజు తీసినప్పుడు దీపం ఆరినదో ఆ దారిలోనే లోపం ఉన్నది.

ఈ లోపం బ్యాటరీని ఖాళీ చేయుటతో ఆగదు. తడిసిన తీగ నుండి అడుగు నీటి గుండా సముద్రంలోనికి పోయే విద్యుత్తు దారిలోని కంచు కవాటాలనూ, షాఫ్టునూ కొన్ని వారాలలోనే తినివేయగలదు. దీనిని అడ్డుకొనుటకు జింకు దిమ్మలను ఇంకా ఎక్కువగా బిగించుట సరియైన మందు కాదు. జింకు లోహాల మధ్య సహజంగా జరిగే తినుడును తాను భరిస్తుందేగాని తీగ లోపాన్ని సరిచేయలేదు. పైగా కొయ్య పడవలో జింకు అతిగా ఉన్నచో, రక్షింపబడిన లోహం చుట్టూ క్షారం పుట్టి కొయ్య మెత్తబడిపోతుంది. మందు కూడ మోతాదు మీరినప్పుడు విషమే.

అందరూ చదవగల పటం

చివరి పని కాగితంపై జరుగవలసినది. మరమ్మతు పూర్తి అయిన తరువాత ప్రతి తీగకూ రెండు చివరల ఒకే అంకె గల పట్టీ వేసి, ఆ అంకెలతో పటం గీసి, నీరు తడవని సంచిలో చుక్కాని గది గోడకు తగిలించవలెను. నీటి కవాటాలు, పంపులు, ఫ్యూజులు ఎక్కడెక్కడ ఉన్నవో అందులో బొమ్మగా చూపవలెను.

అంకెలూ బొమ్మలూ ఎందుకనగా, భారతదేశపు పడవ ఒక్క భాష మాట్లాడదు. గుజరాత్ రేవులలోని పడవలపై శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల యువకులు కూలికి పనిచేస్తారు. 2018 నవంబరులో గుజరాత్ తీరం నుండి వేటకు వెళ్లి పాకిస్తాన్ అధికారుల చేత చిక్కి, 2020 జనవరిలో విడుదలై వచ్చిన మత్స్యకారులలో ఆ జిల్లాల వారు ఉన్నారు. ఆ సంఘటనకు కారణం ఏదైనను, సరిహద్దుకు సమీపాన జి.పి.ఎస్. ఆరిపోయిన పడవ ఎంతటి ఆపదలో పడగలదో దాని వలన అర్థమవుతుంది. యజమాని గుజరాతీ, సరంగు తమిళుడు, కళాసీలు తెలుగువారు అయిన పడవలో నడిరాత్రి పంపు ఆగినప్పుడు, గుజరాతీలో మాత్రమే వ్రాసిన చీటీ వలన ఎవరికి ప్రయోజనం? ఏడవ నెంబరు ఫ్యూజు అన్నప్పుడు అందరి చేయీ ఒక్కచోటికే పోవలెను.

నిజానికి సముద్రం ఈ ఐక్యతను ఎప్పుడో సాధించినది. తెలుగువారి సరంగే మలయాళంలో స్రాంకు, బెంగాలీలో సారెంగు. తెలుగు కళాసీ హిందీలో ఖలాసీ. లంగరు తెలుగులోను, హిందీలోను లంగరే, తమిళంలో నంగూరం. ఒక రేవు నుండి మరొక రేవుకు మనుషులు వెళ్లినారు. వారి వెంట మాటలు వెళ్లినవి. ఇప్పుడు వాటి వెంట మరమ్మతు విద్య కూడ వెళ్లవలెను.

పడవ ఎక్కడున్నదీ తెలిపే, ఆపదలో సందేశం పంపే ట్రాన్స్‌పాండర్లను తీర రాష్ట్రాలలోని లక్ష మరపడవలకు అమర్చే జాతీయ పథకాన్ని 2024 ఆగస్టులో ప్రారంభించినారు. అది గొప్ప ప్రయత్నం. కాని ఉపగ్రహానికి సందేశం పంపే ఆ పరికరం కూడ చివరకు పడవ బ్యాటరీపై, ఒక అతుకుపై, ఒక ఫ్యూజుపై ఆధారపడినదే. చిలుము పట్టిన అతుకు ఉన్నచోట ఉపగ్రహం కూడ నిస్సహాయమే.

విద్యార్థులారా, మీలో కొందరు రేపు ఇంజనీర్లు కావచ్చును. కొందరు మీ తండ్రుల పడవలనే నడపవచ్చును. వచ్చే నిషేధ కాలంలో సమీపపు రేవుకు వెళ్లి, పెద్దల అనుమతితో ఒక పాత పడవకు పటం గీయండి. తీగలకు అంకెలు వేయండి. నీటి రంధ్రాలలో గొలుసు దూర్చండి. ఆ పడవ ఎక్కినవారిది ఏ భాష అయినను, ఏ రాష్ట్రమైనను, తెల్లవారేసరికి వారు ఒడ్డుకు చేరుటకు మీ చేతిపని తోడ్పడుతుంది.